ఒక్క లిథియం సెల్లు నుంచి ఐదు వోల్టులు: ఎంటీ3608 బూస్ట్ మాడ్యూల్ సమీక్ష

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో చిన్న చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు కట్టుకునే తెలుగువారికి, అందులోనూ పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలకు ప్రాజెక్టులు తయారుచేసే పిల్లలకూ వారి ఉపాధ్యాయులకూ పనికివస్తుందన్న ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను. సమీక్షిస్తున్న వస్తువు ఎంటీ3608 అనే ఐసీతో తయారైన బూస్ట్ మాడ్యూల్, అంటే బ్యాటరీ ఇచ్చే తక్కువ వోల్టేజీని తీసుకుని దానికంటె ఎక్కువ వోల్టేజీని బయటికి ఇచ్చే చిన్న బోర్డు. లిథియం సెల్లు సగటున ఇచ్చేది 3.7 వోల్టులు. ప్రోగ్రాము రాసి నడిపే ఆర్డ్వినో నానో బోర్డు, రెండు వరుసల ఎల్‌సీడీ తెర, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్, కరెంటుతో పనిచేసే స్విచ్ అయిన చిన్న రిలే అడిగేవి 5 వోల్టులు. ఆ తేడాను భర్తీ చేయడానికి ఇంతకంటె చవకైన సాధనం మా ప్రాంతంలో నాకు దొరకలేదు. విడిగా కొంటే యాభై రూపాయలకు అటూ ఇటూగా వస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇది తప్పకుండా కొనదగిన వస్తువు, అయితే కవర్లోంచి తీసి నేరుగా సర్క్యూట్‌కు కలిపేయదగినది మాత్రం కాదు. కొన్ని సవరణలు చేసుకోవాలి, అమ్మేవారు దీని గురించి చెప్పే ఒక అంకెను పక్కన పెట్టాలి.

దీని అవసరం ఎక్కడ ఉందో పర్లాకిమిడిలో ఏ ప్రదర్శనకు వెళ్లినా తెలుస్తుంది. బల్లల మీద ఉన్న ప్రాజెక్టుల్లో చాలావాటికి చదరపు 9 వోల్టుల బ్యాటరీ, దాని పక్కన వోల్టేజీని 5 దగ్గర నిలిపే 7805 రెగ్యులేటర్ కనిపిస్తాయి. 9 వోల్టుల్లో 5 మాత్రమే సర్క్యూట్‌కు చేరి మిగిలిన 4 వోల్టులు రెగ్యులేటర్‌లో వేడిగా పోతాయి కనుక, బ్యాటరీ ఇచ్చే శక్తిలో నూటికి 44 వంతులు మొదటి నిమిషం నుంచే వృథా. పైగా 7805 సక్రమంగా పనిచేయాలంటే దాని ముందు కనీసం 7 వోల్టులు ఉండాలి, కాబట్టి బ్యాటరీలో ఇంకా సరుకు ఉండగానే సర్క్యూట్ తడబడటం మొదలుపెడుతుంది. ఊళ్లో దొరికే చవక జింక్ కార్బన్ బ్యాటరీలకు లోపలి నిరోధం ఎక్కువ కావడంతో, 70 మిల్లీఆంపియర్లు లాగే రిలే ఆన్ కాగానే వోల్టేజీ కుంగిపోతుంది. "మాస్టారూ, బ్యాటరీ కొత్తదేనండి, రిలే టక్కుమనగానే తెర ఆరిపోతోందండి" అని పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబు ప్రోగ్రాములో ఎంత వెతికినా దొరకదు. అదే పిల్లవాడికి ఒక 18650 లిథియం సెల్లు, ఒక బూస్ట్ మాడ్యూల్ ఇస్తే ఆ తెర ఆరదు, ఏటేటా పారేసే 9 వోల్టుల బ్యాటరీల ఖర్చూ తప్పుతుంది.

బోర్డు 36 మిల్లీమీటర్ల పొడవు, 17 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. నాలుగు మూలల్లో నాలుగు రంధ్రాలు, వాటి పక్కన ఇన్ ప్లస్, ఇన్ మైనస్, అవుట్ ప్లస్, అవుట్ మైనస్ అని ముద్రలు ఉంటాయి. మధ్యలో 220 అని రాసి ఉన్న నల్లటి బిళ్ల కాయిల్. ఆ ముద్రకు అర్థం 22 మైక్రోహెన్రీలు. దాని పక్కన ఆరు కాళ్ల ఐసీ ఎంత చిన్నదంటే, పట్టుకారుతో తీయబోయి కింద పడేస్తే సిమెంటు నేల మీద మళ్లీ దొరకదు. కరెంటును ఒక్క వైపుకే పోనిచ్చే, ఎస్ఎస్34 అని రాసి ఉన్న షాట్కీ డయోడ్, రెండు సిరామిక్ కెపాసిటర్లు, స్క్రూ తిప్పి నిరోధాన్ని మార్చుకునే నీలిరంగు ప్రీసెట్, ఒకటి రెండు రెసిస్టర్లు – అంతే సరుకు. ఐసీ లోపలి మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ సెకనుకు 12 లక్షల సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. అది మూసి ఉన్నంతసేపు, అంటే ఆన్‌లో ఉన్నంతసేపు, సెల్లు నుంచి కాయిల్‌లోకి కరెంటు పెరుగుతూ వెళ్తుంది. తెరుచుకోగానే, అంటే ఆఫ్ కాగానే, ఆ కరెంటు ఉన్నపళంగా ఆగలేదు. వేగంగా నీళ్లొస్తున్న కుళాయిని ఒక్కసారిగా కట్టేస్తే గొట్టం అదిరినట్టుగా, కాయిల్ తన వోల్టేజీని సెల్లు వోల్టేజీకి జోడించి డయోడ్ గుండా అవుట్‌పుట్ కెపాసిటర్‌లోకి తోస్తుంది. స్విచ్ ఎంతసేపు మూసి ఉండాలో అవుట్‌పుట్‌ను చూస్తూ ఐసీయే నిర్ణయించుకుంటుంది. తయారీదారు పత్రం ప్రకారం లోపలికి 2 నుంచి 24 వోల్టుల వరకు ఇవ్వవచ్చు, బయటికి 28 వోల్టుల వరకు తీసుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది వోల్టేజీని పెంచుతుందే కానీ తగ్గించదు. 12 వోల్టుల అడాప్టర్ కలిపి ప్రీసెట్‌ను 5 దగ్గర పెట్టానంటే కుదరదు. కాయిల్, డయోడ్ గుండా ఆ 12 వోల్టులు దాదాపుగా అలాగే అవతలికి వెళ్లి ఆర్డ్వినోను కాల్చేస్తాయి. అలాగే ఇన్‌పుట్‌లో ప్లస్, మైనస్ తారుమారైతే ఐసీని కాపాడేది ఏదీ బోర్డు మీద లేదు. మాస్‌ఫెట్‌లో అంతర్భాగంగా ఉండే డయోడ్ గుండా సెల్లు షార్ట్ అయి ఐసీ క్షణంలో పోతుంది. సెల్లు హోల్డర్ మీద ఎర్రరంగుతో ప్లస్ గుర్తు పెట్టుకోవడం పిల్లల పనికి తప్పనిసరి.

ఇప్పుడు ప్రీసెట్ సంగతి. ఈ బోర్డు గురించి నేను ఎక్కువగా విన్న ఫిర్యాదు "స్క్రూ ఎంత తిప్పినా వోల్టేజీ మారడం లేదు" అన్నదే, చాలామంది ఇక్కడే బోర్డు చెడిపోయిందని పారేస్తున్నారు. కారణం తెలిస్తే ఆ తొందరపాటు ఉండదు. దాని మీద డబ్ల్యూ104 అని ఉంటే అది 100 కిలో ఓమ్‌ల ప్రీసెట్, ఇత్తడి స్క్రూను ఒక కొస నుంచి మరో కొసకు తీసుకెళ్లడానికి 25 చుట్లు పడుతుంది. ఐసీ తన ఫీడ్‌బ్యాక్ కాలి దగ్గర, అంటే అవుట్‌పుట్‌ను గమనించే కాలి దగ్గర, ఎల్లప్పుడూ 0.6 వోల్టు ఉండేలా చూసుకుంటుంది. ఆ కాలికీ మైనస్‌కూ మధ్య 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. ప్రీసెట్ విలువను 2.2తో భాగించి, ఒకటి కలిపి, 0.6తో గుణిస్తే అవుట్‌పుట్ వోల్టేజీ వస్తుంది. ఆ లెక్కన 100 కిలో ఓమ్‌లకు సుమారు 28 వోల్టులు, 5 వోల్టులకు దాదాపు 16 కిలో ఓమ్‌లు. అంటే ఒక్కో పూర్తి చుట్టుకు మారేది సుమారు 1.1 వోల్టు, మనకు కావలసిన 5 వోల్టులు ఉండేది కింది కొస నుంచి నాలుగో చుట్టు దగ్గర. కొత్త బోర్డులో స్క్రూ ఎక్కడ ఆగి ఉందో తెలియదు కనుక, మొదట సర్క్యూట్‌ను పూర్తిగా విడదీసి, అవుట్‌పుట్‌కు మల్టీమీటర్ మాత్రమే కలిపి, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా ఓపికగా తిప్పుతూ పోవాలి. కొస చేరినప్పుడు వేలికి సన్నని టిక్కుమన్న స్పర్శ తెలుస్తుంది. అక్కడి నుంచి వెనక్కి వస్తూ 5 వోల్టుల దగ్గర ఆపాలి. మీటరు లేకుండా ఈ బోర్డును ఎవరూ ముట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

అలా సరిచేసిన ప్రీసెట్‌ను శాశ్వతంగా నమ్మవచ్చా అంటే, ప్రదర్శన వరకైతే నమ్మవచ్చు. స్క్రూ మీద ఒక చుక్క గోళ్లరంగు వేస్తే కదలకుండా ఉంటుంది. కానీ పొలంలోనో, నీళ్ల ట్యాంకు మీదనో ఏడాది పొడవునా ఉండవలసిన సర్క్యూట్‌కు అది చాలదు. మా వైపు వానాకాలం తేమకు ప్రీసెట్ లోపల జారే మొన తన పట్టును కోల్పోతే, ఐసీకి అవుట్‌పుట్ కనబడకుండా పోతుంది, ఫీడ్‌బ్యాక్ కాలు సున్నాకు పడిపోతుంది. అవుట్‌పుట్ తక్కువైందనుకుని ఐసీ తన శక్తిమేరకు వోల్టేజీని పెంచుకుంటూ పోతుంది, 5 వోల్టుల సర్క్యూట్ నెత్తిన అంతకు ఎన్నో రెట్లు వచ్చి పడుతుంది. చవక ప్రీసెట్ ఒకటి చెడితే మొత్తం ప్రాజెక్టు పోవడం అన్యాయం. అందుకని ఎక్కువ కాలం ఉండే పనులకు నేను ప్రీసెట్‌ను టంకం కరిగించి తీసేసి, దాని చోట స్థిరమైన రెసిస్టర్లు పెట్టమంటాను. 15 కిలో ఓమ్‌లూ ఒక కిలో ఓమ్ వరుసగా కలిపితే 16 అవుతుంది, వచ్చేది 4.96 వోల్టులు. 9 వోల్టులు కావాలంటే 27, 3.9 కలపాలి, 12 కావాలంటే 39, 2.7. ఈ లెక్కలు వేసే ముందు ఫీడ్‌బ్యాక్ కాలికీ మైనస్‌కూ మధ్య ఉన్న రెసిస్టర్ మీద 222 లేదా 2201 అని, అంటే 2.2 కిలో ఓమ్‌లని, ఉందో లేదో భూతద్దంతో చూసుకోవాలి, ఎందుకంటే ఆ విలువ వేరుగా ఉంటే జవాబు కూడా మారిపోతుంది.

అమ్మేవారు చెప్పే అంకె "2 ఆంపియర్లు". దీన్ని చదివినవారు 5 వోల్టుల వద్ద 2 ఆంపియర్లు వస్తాయని సహజంగానే అనుకుంటారు. ఐసీ స్విచ్‌కు ఉన్న పరిమితి 4 ఆంపియర్లు, కానీ అది కాయిల్ గుండా, అంటే సెల్లు వైపు నుంచి, వచ్చే కరెంటుకు పెట్టిన హద్దు. వోల్టేజీ పెంచుతున్నామంటే కరెంటును తగ్గించుకుంటున్నామనే అర్థం. శక్తి ఎక్కడినుంచీ కొత్తగా పుట్టదు. 5 వోల్టుల వద్ద 2 ఆంపియర్లంటే 10 వాట్లు. సామర్థ్యం నూటికి 85 అనుకుంటే సెల్లు నుంచి దాదాపు 12 వాట్లు లాగాలి, సెల్లు 3.2 వోల్టులకు దిగాక అది 3.7 ఆంపియర్లు అవుతుంది. కాయిల్‌లో కరెంటు ఎగుడుదిగుడుగా నడుస్తుంది కనుక దాని శిఖరం అప్పటికే 4 ఆంపియర్ల హద్దును తాకుతూ ఉంటుంది. బియ్యపుగింజ కంటె చిన్నదైన ఐసీ ఆ వేడిని ఎంతోసేపు మోయలేదు. 5 వోల్టుల వద్ద ఒక ఆంపియర్ తీసుకున్నా సెల్లు వైపు ఒకటిన్నర నుంచి 1.8 ఆంపియర్ల దాకా పోతుంది, కాసేపటికే ఐసీ మీద వేలు నిలవదు. 500 మిల్లీఆంపియర్ల వరకు మాత్రం ఇది నిశ్చింతగా, రోజంతా, చల్లగా పనిచేస్తుంది. చిన్న సర్క్యూట్లలో తొంభై శాతం అంతకంటె చాలా తక్కువే అడుగుతాయి కనుక, ఆ హద్దు నాకు లోటుగా అనిపించలేదు. లోటల్లా ఆ హద్దును దాచి 2 ఆంపియర్లని చెప్పడంలోనే ఉంది.

సెల్లు ఎన్ని గంటలు వస్తుందన్న లెక్క కూడా ఇలాగే వేయాలి. 2600 మిల్లీఆంపియర్ అవర్ల సెల్లులో ఉండే శక్తి 3.7తో గుణిస్తే సుమారు 9.6 వాట్ అవర్లు. అందులో పదో వంతు బోర్డు తినేసిందనుకుంటే, 5 వోల్టుల వైపు మిగిలేది దాదాపు 1700 మిల్లీఆంపియర్ అవర్లు. 100 మిల్లీఆంపియర్ల సర్క్యూట్ దాని మీద సుమారు పదిహేడు గంటలు నడుస్తుంది. సెల్లు మీద రాసిన అంకెను నేరుగా 5 వోల్టుల కరెంటుతో భాగిస్తే ఇరవై ఆరు గంటలని వస్తుంది, ఆ అంకెను నమ్ముకుని పెట్టిన పరికరం తెల్లవారేసరికి ఆగిపోయి ఉంటుంది.

తీగల విషయంలో మా పిల్లలు చేసే పొదుపు ఈ బోర్డుకు సరిపడదు. బ్రెడ్‌బోర్డులో వాడే సన్నని జంపర్ తీగలు సిగ్నళ్లకు సరే. సెల్లుకూ బోర్డుకూ మధ్య అవి పనికిరావు. వాటి నిరోధం, స్ప్రింగు ఉన్న చవక సెల్లు హోల్డర్ నిరోధం కలిసి సెల్లు దగ్గర 3.6 ఉన్న వోల్టేజీని బోర్డు దగ్గర 3.2కు తెచ్చిపెడతాయి. వోల్టేజీ తగ్గగానే బోర్డు అదే శక్తి కోసం ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎక్కువ కరెంటుకు తీగల్లో ఇంకా ఎక్కువ వోల్టేజీ పోతుంది, దానికి బోర్డు మరికాస్త లాగుతుంది. ఇది ఒక హద్దు దాటితే అవుట్‌పుట్ మొత్తంగా కుప్పకూలి, లోడు, అంటే కరెంటు లాగుతున్న సర్క్యూట్, తీసేసేదాకా లేవదు. చాలామంది దీన్ని సెల్లు అయిపోవడంగా పొరబడతారు. హోల్డర్ స్ప్రింగు మీద వేలు పెట్టి చూస్తే వెచ్చగా తగులుతుంది, నిజం అక్కడే తెలుస్తుంది. మందమైన పొట్టి తీగలను నేరుగా టంకం వేయడం, ఇన్‌పుట్ రంధ్రాల దగ్గర 220 మైక్రోఫారడ్‌లు, అవుట్‌పుట్ దగ్గర 470 మైక్రోఫారడ్‌ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు పెట్టడం – ఈ రెండు పనులతో బోర్డు ప్రవర్తనే మారిపోతుంది. రిలే ఆన్ అయినప్పుడూ, వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు సిగ్నల్ పంపినప్పుడూ క్షణకాలం వచ్చే కుదుపును ఆ కెపాసిటర్లు భరిస్తాయి.

సెల్లు భద్రత మాటకొస్తే ఈ బోర్డుకు ఆ బాధ్యతే లేదు. 2 వోల్టులు ఉన్నంతవరకు ఇది సెల్లును పిండుతూనే ఉంటుంది, కాగా లిథియం సెల్లు 2.5 వోల్టుల కిందికి దిగితే లోపల పాడవుతుంది, అలా పాడైన సెల్లును మళ్లీ చార్జి చేయడం ప్రమాదం. అవుట్‌పుట్ షార్ట్ అయితే ఆపేది కూడా ఏదీ లేదు; సెల్లు నుంచి కాయిల్, డయోడ్ గుండా అవుట్‌పుట్‌కు నేరుగా దారి ఉంది కాబట్టి ఐసీ స్విచ్‌ను ఆపేసినా కరెంటు ఆగదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి ఊడదీసిన సెల్లులను మా వైపు ఎక్కువగా వాడుతున్నారు, వాటికి సొంత రక్షణ సర్క్యూట్ ఉండదు. అందుకని సెల్లుకూ బూస్ట్ మాడ్యూల్‌కూ మధ్య టీపీ4056 చార్జింగ్ బోర్డును, అదీ రక్షణ ఉన్న రకాన్ని, తప్పనిసరిగా పెట్టాలి. రెండు రకాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి. రక్షణ ఉన్నదానిలో బ్యాటరీకి రెండు రంధ్రాలతోపాటు అవుట్‌పుట్‌కు వేరే రెండు రంధ్రాలు, డీడబ్ల్యూ01 అనే చిన్న ఐసీ ఉంటాయి. సెల్లు సుమారు 2.4 వోల్టులకు దిగగానే అది తెంపేస్తుంది. చార్జింగ్ జరుగుతుండగా సర్క్యూట్‌ను నడపకపోవడం మంచిది. టీపీ4056 ఒక ఆంపియర్‌తో చార్జి చేస్తున్నప్పుడు, కరెంటు పదో వంతుకు, అంటే 100 మిల్లీఆంపియర్లకు, తగ్గితేనే సెల్లు నిండిందని గ్రహిస్తుంది. సర్క్యూట్ ఆపాటి కరెంటును లాగుతూ ఉంటే ఆ గుర్తు దానికి ఎప్పటికీ అందదు.

పని లేనప్పుడు కూడా ఈ బోర్డు కొంత తింటుంది. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ల గుండా 5 వోల్టుల వైపు ఎల్లవేళలా 0.27 మిల్లీఆంపియర్ ప్రవహిస్తుంది. సెల్లు వైపు నుంచి చూస్తే అది సుమారు 0.4 అవుతుంది. నెల రోజులు ఊరికే ఉంచితే ఆ ఒక్క కారణానికే 2600 మిల్లీఆంపియర్ అవర్ల సెల్లులో పదో వంతు ఖాళీ అవుతుంది, ఐసీ సొంతంగా తీసుకునేది దీనికి అదనం. కాబట్టి ఆన్ ఆఫ్ స్విచ్‌ను బోర్డు తర్వాత కాకుండా సెల్లుకూ బోర్డుకూ మధ్యన పెట్టాలి. ఐసీని మాత్రమే ఆపే మార్గం వెతికినా లాభం లేదు, అప్పుడు కూడా డయోడ్ గుండా మూడు వోల్టుల పైచిలుకు అవతలికి కారుతూనే ఉంటుంది. ఇంత తలనొప్పి ఎందుకు, పవర్ బ్యాంక్ వాడుకోవచ్చు కదా అనేవారు ఒక సంగతి గమనించాలి. పవర్ బ్యాంకుల్లో విరివిగా వాడే ఐపీ5306 వంటి ఐసీలు, లోడు 45 మిల్లీఆంపియర్లకు లోబడి 32 సెకన్లు ఉంటే తమంతట తామే ఆగిపోతాయి. ఫోన్‌కు అది సరైన ఏర్పాటే; ఇరవై మిల్లీఆంపియర్లతో నడిచే వాన కొలిచే పరికరానికి మాత్రం అది పనికిరాదు. చిన్న సర్క్యూట్లకు ఎంటీ3608 తగినదని నేను చెప్పడానికి ఇది పెద్ద కారణం.

బూస్ట్ అవసరమే లేని చోట కూడా దీన్ని తగిలిస్తున్నారు, అది ఆపాలి. మోటారును ఫోన్‌తో ఆన్ చేసే ప్రాజెక్టులలో వాడే, సిమ్ కార్డు పెట్టుకునే సిమ్800ఎల్ మాడ్యూల్‌కు కావలసింది 3.4 నుంచి 4.4 వోల్టులు, అంటే లిథియం సెల్లు ఇచ్చేదే. అది సిగ్నల్ పంపేటప్పుడు ప్రతి 4.6 మిల్లీసెకన్లకొకసారి అర మిల్లీసెకను పాటు 2 ఆంపియర్ల వరకు లాగుతుంది. సెల్లును 5 వోల్టులకు పెంచి, మళ్లీ డయోడ్లతో 4కు తగ్గించి దానికి ఇవ్వడం రెండు చోట్ల నష్టం, పైగా ఆ కుదుపులకు బూస్ట్ బోర్డు తట్టుకోదు. సెల్లు నుంచి నేరుగా, మందమైన తీగలతో, పెద్ద కెపాసిటర్ పెట్టి ఇవ్వాలి. అలాగే 3.3 వోల్టులతో నడిచే సెన్సర్లకు హెచ్‌టీ7333 లాంటి చిన్న రెగ్యులేటర్ చాలు. అది పని లేనప్పుడు తినేది కొద్ది మైక్రోఆంపియర్లే.

రేడియోతో దీనికి పడదు. సెకనుకు 12 లక్షల సార్లంటే 1200 కిలోహెర్ట్‌జ్‌లు, మీడియం వేవ్ బ్యాండు ఉండేది 531 నుంచి 1602 వరకు. ఆకాశవాణి వినే రేడియో పక్కన ఈ బోర్డును ఉంచితే ముల్లు 1200 దాపుకు రాగానే గరగర వినిపిస్తుంది. ఎఫ్ఎం మీద ఆ గరగర అంతగా వినిపించదు. మైకు, ఆడియో ఆంప్లిఫయర్ ఉన్న సర్క్యూట్లకు దీన్ని వాడేవారు అవుట్‌పుట్‌లో ఒక చిన్న కాయిల్, కెపాసిటర్ అదనంగా పెట్టుకుంటే గోల చాలావరకు తగ్గుతుంది.

వైఫై రౌటర్ గురించి తరచూ అడుగుతారు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫానుకు గజపతి జిల్లాలో కరెంటు స్తంభాలు నేలకూలి ఊళ్లు చీకట్లో మగ్గిన సంగతి ఎవరూ మరిచిపోలేదు కనుక, కరెంటు పోయినా రౌటర్ నడవాలన్న కోరిక మా వైపు బలంగా ఉంది. ఒక్క సెల్లు నుంచి ఈ బోర్డుతో 12 వోల్టులు తీసి రౌటర్‌కు ఇవ్వవచ్చా? అడాప్టర్ మీద ఉన్నట్టు నిజంగా ఒక ఆంపియర్ లాగితే అది 12 వాట్లు; సెల్లు దిగుతున్నప్పుడు దాని వైపు 4.4 ఆంపియర్లు కావాలి, ఐసీ హద్దు 4 మాత్రమే. కుదరదు. రౌటర్ అర ఆంపియర్‌తో సరిపెట్టుకున్నా సెల్లు వైపు 2.2 ఆంపియర్లు పోతాయి, ఐసీ వేడెక్కుతుంది. రెండు సెల్లులను వరుసగా కలిపి 7.4 వోల్టుల నుంచి 12కు పెంచితే అదే అర ఆంపియర్‌కు లోపలికి ఒక ఆంపియర్ చాలు, అప్పుడు ఈ బోర్డు హాయిగా నడుస్తుంది. అయితే రెండు సెల్లులకు తగిన రక్షణ బోర్డు, 8.4 వోల్టుల చార్జర్ వేరుగా కొనాలి. టీపీ4056 ఒక్క సెల్లుకే.

ఇంతకంటె పెద్దదైన ఎక్స్ఎల్6009 బోర్డును దుకాణదారులు "ఇది ఇంకా బలమైనది" అని చూపిస్తారు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 19 వోల్టులు తీయడానికి అది మంచిదే. తయారీదారు పత్రం దానికి ఇన్‌పుట్‌లో కనీసం 5 వోల్టులు ఉండాలంటుంది కనుక, కొందరు 3 వోల్టులకే నడుస్తుందని అమ్మినా, ఒక్క లిథియం సెల్లుకు దాన్ని నేను సిఫారసు చేయను. ఒకే ఒక్క పెన్సిల్ సెల్లుతో నడవాలంటే ఎంటీ3608 పనికిరాదు, 2 వోల్టుల లోపు అది మేల్కొనదు. అందుకు 0.9 వోల్టు నుంచి పనిచేసే, యూఎస్‌బీ సాకెట్ ఉన్న చిన్న బోర్డులు వేరే ఉన్నాయి, వాటితో వచ్చే కరెంటు తక్కువ. రెండు రీచార్జబుల్ నికెల్ సెల్లులతో అయితే ఎంటీ3608 చక్కగా నడుస్తుంది, సెల్లుకు ఒక వోల్టు దగ్గర తానే ఆగుతుంది.

కొనుగోలు విషయానికి వస్తే, పర్లాకిమిడిలోనూ గుణుపురంలోనూ టీవీ, ఫోన్ విడిభాగాలు అమ్మే చోట్ల ఇవి ఎప్పుడో కాని దొరకవు. బరంపురం వెళ్లినప్పుడో, గుణుపురం రైలులో విశాఖపట్నం వెళ్లే వారెవరైనా ఉంటేనో నాలుగైదు కలిపి తెప్పించుకోవడం మేలు, ఒక్కదానికోసం ఆన్‌లైన్‌లో తెప్పిస్తే కొరియర్ ఖర్చు బోర్డు ధరను మించుతుంది. ఒకే సంచిలో వచ్చిన బోర్డులన్నీ ఒకేలా ఉండవు; కాయిల్ పరిమాణం తగ్గించినవి, డయోడ్ మీద ముద్ర లేనివి, ప్రీసెట్ కాళ్లకు టంకం సరిగా అతుక్కోనివి వస్తుంటాయి. అందుకే ప్రతి బోర్డునూ పనిలో పెట్టే ముందు 10 ఓమ్‌ల, 5 వాట్ల సిమెంటు రెసిస్టర్ ఒకటి అవుట్‌పుట్‌కు కలిపి చూడాలి. 5 వోల్టుల వద్ద అది సరిగ్గా అర ఆంపియర్ లాగుతుంది. రెసిస్టర్ బాగా వేడెక్కుతుంది కనుక దాన్ని పెంకు మీద ఉంచి, పదిహేను నిమిషాలపాటు మీటరును ఇన్‌పుట్ వైపు ఒకసారి, అవుట్‌పుట్ వైపు ఒకసారి పెట్టి చూడాలి. అవుట్‌పుట్ 4.9 వోల్టుల పైన నిలిచి, ఐసీ మీద పెట్టిన వేలు వెనక్కి రాకుండా ఉంటే ఆ బోర్డును ట్యాంకు మీదికి ఎక్కించవచ్చు. వోల్టేజీ అంతకంటె కిందికి దిగితే ముందు తీగలు మార్చి మళ్లీ చూడాలి. అప్పటికీ నిలవకపోతే దాన్ని ఎల్ఈడీ దీపాల వంటి తేలిక పనులకు కేటాయించి, సంచిలోంచి ఇంకొకటి తీయాలి.